స్కాట్లండ్ పరీక్ష తప్పిన వేళ

ఈ మధ్యాహ్నం కంకిపాడులో మా బావగారు నాలుగు దేశాల విస్కీలు రుచి చూసి మార్కులు వేశారు. ఆయన విజయవాడలో లెక్చరర్. జవాబు పత్రాల్లాగే గ్లాసులకూ పేర్లు దాచి నంబర్లు నాచేత అంటింపజేశారు. నేను తీసుకెళ్లిన మన దేశపు సీసాను "సరదాకి ఉండనీలే" అని నవ్వుతూ చేర్చారు.

తీరా పేర్లు విప్పితే నా సీసాకు ఎనభై, స్కాట్లండ్‌కు ముప్పై. వెంటనే ఎర్ర పెన్నుతో ఆ రెండు అంకెలూ తారుమారు చేసేశారు.

"అదేంటి బావగారూ?"

"ఊరుకోవయ్యా, స్కాట్లండ్ తప్పడమేంటి? నా నాలుకే పొరబడుంటుంది. రీవాల్యుయేషన్ చేశా."

ఆ తర్వాత భోజనానికి ముందు ఆయన గ్లాసు నింపుకున్నది మాత్రం ఫెయిలైన నా సీసాలోంచే. మార్కులు ఒకదానికి వేసి మరొకటి తాగే బావగార్లు మీ ఇళ్లలోనూ ఉన్నారా?