ఉప్పునీళ్ళా, అసలుదా

టీకా ప్రయోగాలు జరిగే ఆ క్లినిక్‌లో ఆవిణ్ణి అందరూ సూదక్క అనేవారు. గుచ్చితే గుచ్చినట్టు తెలియదని కొందరు పెట్టిన పేరు అది. గుచ్చేటప్పుడు ఆవిడ మొహంలో ఏ భావమూ కనపడదని మిగతావాళ్ళు సరేనన్న పేరు. రెండూ నిజమే.

పాతికేళ్ళ కిందట ఆవిడ తమ్ముడికి హెచ్‌ఐవీ సోకి, ఎయిడ్స్ దాకా ముదిరింది. అప్పటికి మందులు అందరికీ అందేవి కావు. ఇంట్లో అతనికి కంచం వేరు, గ్లాసు వేరు, గది వేరు. ఆ కంచాన్ని గుమ్మం బయట నిలబడి లోపలికి తోసింది ఈవిడే. ముట్టుకుంటే అంటదని నర్సింగ్ పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని కూడా తోసింది. అతను పోయిన రోజు ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందిలే అనుకుంది. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఆ పిల్లకి కాలేజీ కూడా అయిపోవచ్చింది. ఇంకా రాలేదు.

హెచ్‌ఐవీ టీకా ప్రయోగానికి నర్సులు కావాలంటే మాత్రం ఆలోచించకుండా చేరింది. పని చెప్పుకోవడానికి చాలా తేలిక. వచ్చినవాళ్ళలో సగం మందికి అసలు టీకా, సగం మందికి, పోల్చి చూడటానికి, ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడుతోందో వేయించుకునేవాళ్ళకీ తెలియదు, వేసే నర్సుకీ తెలియదు, పెద్ద డాక్టరుకీ తెలియదు. ఆ జాబితా ఎక్కడో సీలు వేసి ఉంటుంది. అందుకే సూదక్క ప్రతిసారీ ప్రతివాళ్ళకీ ఒకే పాఠం ఒప్పజెప్పేది: "ఇది పని చేస్తుందో లేదో మాకే తెలీదు. కండోములు మానొద్దు, ముందుజాగ్రత్త మాత్రలు మానొద్దు. బయటెక్కడా పరీక్ష చేయించుకోవద్దు." ఆ చివరి ముక్కకీ ఓ కారణం ఉంది. అసలు టీకా పడినవాళ్ళకి జబ్బు లేకపోయినా మామూలు పరీక్షలో పాజిటివ్ చూపించవచ్చు.

వచ్చేవాళ్ళలో ఒక ఇస్త్రీ అమ్మాయి ఉండేది. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. మొగుడికి హెచ్‌ఐవీ ఉంది. మందులు మానకుండా వేసుకుంటే అతనివల్ల ఆమెకి సోకే భయం ఉండదు. కానీ ఆ మహానుభావుడు బుద్ధి పుడితే వేసుకుంటాడు, లేకపోతే లేదు. ఆ పిల్లకి టీకా మీదే ప్రాణం. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"అక్కా, ఇవాళ పడింది ఉప్పునీళ్ళా, అసలుదా?"

"తెలిస్తే నీకు చెప్పనటే? నాకూ తెలీదు."

రెండో సూది వేశాక మర్నాడు పరుగెత్తుకుంటూ వచ్చింది. చెయ్యి భుజం దగ్గర నిమ్మకాయంత వాచింది, ముట్టుకుంటే కాలిపోతోంది. నొప్పితో పళ్ళు బిగబట్టి, అయినా నవ్వు మొహంతో అదే ప్రశ్న. వేల సూదులు వేసిన సూదక్కకి ఆ క్షణాన నోరు జారింది.

"ఇంత వాచిందంటే ఉప్పునీళ్ళు అయ్యుండదులేవే."

అనగానే నాలుక్కరుచుకుంది. కానీ ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఒకళ్ళ మొహం అలా వెలగడానికి తను కారణమై ఎన్నేళ్ళయిందో సూదక్కకి గుర్తు లేదు. అందుకే ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నన్నడిగితే ఆవిడ చేసిన తప్పు నోరు జారడం కాదు, అది.

మూడో ఏడు ప్రయోగం ఆపేశారు. పెద్ద డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఈ వైరస్ రోజుకో వేషం మార్చే దొంగ అన్నాడు. ఫొటో చూపించి పట్టుకోమనేలోపు మొహమే మార్చేస్తోందట. టీకా పడినవాళ్ళకీ ఉప్పునీళ్ళు పడినవాళ్ళకీ ఒకేలా సోకిందని లెక్కల్లో తేలింది. ఆ దొంగని ఏ వేషంలో ఉన్నా గుర్తుపట్టడం ఒంటికి మెట్టు మెట్టుగా నేర్పే కొత్తరకం టీకాలు వేరేచోట్ల మొదలయ్యాయని, మన రక్తం నమూనాలు వాటికి పనికొస్తాయని కూడా చెప్పాడు. సూదక్క తలూపింది. కాగితం చూసి చదువుతూ రెండు రోజులు అందరికీ ఫోన్లు చేసింది. ఒక టాక్సీ డ్రైవరు "అయితే ఇన్నాళ్ళూ ఊరికే పొడిపించుకున్నామా?" అని అరిచాడు. సూదక్క కాగితంలో తర్వాతి వాక్యం చదివింది.

వారం తిరక్కుండా ఇస్త్రీ అమ్మాయి ఓ చీటీ పట్టుకుని వచ్చింది. హోటల్లో పనివాళ్ళందరికీ రక్తపరీక్షలు చేయించారు. ఆమెది పాజిటివ్.

"కంగారు పడకు. అసలుది పడినవాళ్ళకి ఇలాగే వస్తుంది," అంది సూదక్క. "వైరస్ ఉందో లేదో మేం చేసే పరీక్ష వేరు, అందులో పోయినసారి నీకేం లేదుగా. మళ్ళీ చేస్తాం. ఎవరికేది పడిందో ఆ జాబితా కూడా సోమవారం మన చేతికొస్తుంది."

రక్తం తీసి పంపించింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో వండింది, వడ్డించింది, కూతురు ఏదో అడిగితే ఏదో చెప్పింది. లోపల మాత్రం ఒకటే గొణుగుడు: అసలుదే పడి ఉండాలి. తన మాట నిజమైతే ఆ చీటీ అబద్ధమవుతుంది.

సోమవారం రెండు కాగితాలూ ఒకేసారి వచ్చాయి. ఇస్త్రీ అమ్మాయికి పడింది ఉప్పునీళ్ళు. రక్తంలో వైరస్ ఉంది.

సూదక్క దాచకుండా రెండూ చెప్పింది.

"మరి ఆ వాపేమిటే?" అంది సూదక్క.

"సూదికి ముందురోజు దుప్పట్ల మూట ఆ భుజమ్మీదే పడిందక్కా. చెప్తే సూది వెయ్యకుండా పంపించేస్తారని చెప్పలేదు. మీరలా అన్నాక మూట సంగతి నేనే మర్చిపోయా."

మందులు ఇవాళే మొదలెడతారనీ, వేళకి వేసుకుంటే నిండు నూరేళ్ళూ బతకొచ్చనీ సూదక్క చెప్పింది. అన్నీ నిజాలే. తర్వాత ఫారం తీసింది. అందులో ఒక ప్రశ్న ఉంది, అడక్క తప్పదు.

"జాగ్రత్తలు ఎప్పుడు మానేశారు?"

"మీరు చెప్పిన వారానికి," అంది ఆ పిల్ల. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే సూదక్కకి కొంచెం తేలికగా ఉండేది.

"కారణం?"

"బద్ధకం అని రాయండక్కా. మీ ఉద్యోగం పోతుంది."

సూదక్క ఒక్క క్షణం ఆగి రాసింది: అసలు టీకాయే పడిందని క్లినిక్ నర్సు చెప్పిన మాట నమ్మి.

తలకిందులుగా ఉన్న అక్షరాలను ఇస్త్రీ అమ్మాయి బల్ల అవతలనుంచి కూడబలుక్కుని చదివింది.

"కొట్టెయ్యండక్కా, మీకు దణ్ణం పెడతా," అంటూ, అప్పటిదాకా ఏడవని పిల్ల, అప్పుడు భోరుమంది.

సూదక్క ఆ వాక్యం కింద సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికితే బాగుండుననిపించింది.