రూతమ్మత్త చేతి కట్లు

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. మాది మెథడిస్టు కుటుంబం. పోయినవాళ్లు దేవుని దగ్గర ఉంటారు తప్ప చింతచెట్ల మీద కాదని మా బాపు చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను. కానీ ఈ సంగతి మిట్టమధ్యాహ్నం, మా ఇంటి వాకిట్లో, నా కళ్లముందే జరిగింది.

అరవైల చివరి మాట. మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ వెళ్లే వైపు. మా మేనత్త రూతమ్మ తుంటి విరిగి మంచాన పడింది. పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. చెరకు నరికే కాలంలో మేమంతా పొలంలోనే. నడక వచ్చేదాకా అని నిజామాబాద్‌లో ముసలివాళ్లను చూసుకునే ఒక ఆశ్రమంలో చేర్పించాం. అక్కడి మేట్రన్ తెల్లచీర కట్టుకుని, ప్రతి మాటకూ ముందు దేవుణ్ని తలుచుకునేది.

ఆదివారాలు అత్తను చూడటానికి వెళ్లేదాన్ని. అత్త వట్టి వాగుడుకాయ. ఊళ్లో ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టిందో కూడా ఆమెకు కావాలి. అలాంటి మనిషి మేట్రన్ పక్కన ఉన్నంతసేపూ నోరు మెదిపేది కాదు. ఏమడిగినా ఆమె వైపే చూస్తూ "మంచిగనే ఉన్న" అనేది. ఎండలు ముదిరినా పొడుగు చేతుల రవికే తొడిగించేవారు. జుట్టు సవరిద్దామని నేను చెయ్యెత్తితే తల వెనక్కి లాక్కుంది. నేను కొడతాననుకుంది, నేను!

ఒకరోజు రవిక చేతులు పైకి లాగి చూశాను. రెండు మణికట్ల చుట్టూ చర్మం నల్లగా కమిలి ఉంది. అందులో మంచం నవారు నేత అచ్చు పడింది.

"మంచం మీదికెళ్లి కింద పడ్డది" అంది మేట్రన్.

పడితే ఒక పక్క దెబ్బ తగులుతుంది. రెండు చేతుల చుట్టూ ఒకేలా ఎలా తగులుతుంది? ఆమె అటు వెళ్లగానే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మాపటికి కట్టేస్తది బిడ్డా. నన్ను తోల్కపో."

ఆశ్రమం పెద్దలకు చెప్తే ముసలిదానికి మతి తప్పిందన్నారు. బండి కట్టుకుని పోయి తీసుకొస్తానన్నాడు బాపు. బండి కదలకముందే అత్త పోయిందని కబురొచ్చింది.

మేం వెళ్లేసరికి మేట్రనే స్నానం చేయించి, దుప్పటి చుట్టి, మెడదాకా కుట్టేసి ఉంచింది. మాలో ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ల చేతులూ కాళ్లూ విడిపోకుండా గుడ్డ పీలికలతో కడతారు. గోతిలో దించేముందు సొంతవాళ్లు ఆ కట్లు విప్పాలి. కట్లతో మట్టి ఇవ్వకూడదు. నేను కుట్లు తెంపబోతే మేట్రన్ అడ్డం వచ్చింది.

"కట్లు నేనే ఇప్పిన. ఇంక తెరవకుండ్రి, వాసనొస్తది."

పాస్టరుగారు తొందరపెట్టారు. అలాగే పూడ్చాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మేట్రన్ చేతులు పడిపోవాలని సమాధి దగ్గరే గట్టిగా అన్నాను. బాపు నా నోరు మూశాడు.

చెరకు పని అయిపోయాక ఒక మధ్యాహ్నం మా వాకిట్లో టాంగా ఆగింది. మేట్రన్, ఆమె అన్న దిగారు. ఆమె చేతుల మీద శాలువా కప్పి ఉంది. అన్న దాన్ని తీశాడు.

రెండు మణికట్లూ ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. తాడు లేదు, గుడ్డ లేదు. చర్మం మాత్రం లోపలికి నొక్కుకుపోయి, చుట్టూ నవారు అచ్చు. పెద్ద దవాఖానాలో చూపిస్తే నరాలు మంచిగానే ఉన్నాయన్నారట. బాపు ఆమె రెండు చేతులూ పట్టి లాగబోయి, టక్కున వదిలేశాడు.

"కంటికేం లేదు గానీ, చేతికి పట్టీ తగుల్తున్నదే!"

మేట్రన్ నా ముందు కూలబడింది. "నేను ఇప్పలేదు బిడ్డా. మాపు నవారుతోని కట్టిన, పొద్దుగాల సూస్తే పాణం లేదు. గుర్తులు మీ కంట పడతయని గట్లనే కుట్టేసిన. ఆఖరికి నీ పేరే పిలిసిందట, పక్క మంచపామె చెప్పింది. నువ్వు ముట్టు, ఊడతయి."

బాపు ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. "ముట్టు బిడ్డా. మనం క్షమించాలె" అన్నాడు.

నేను వంగి చూశాను. నాకు ముడి కనిపించింది. మాసిన నవారు ముడి, దాని కొస కిందికి వేలాడుతూ. బాపుకు కనిపించలేదు, మేట్రన్ అన్నకూ కనిపించలేదు. కొస పట్టి లాగితే చాలు. ఊడిన ఆ చేతులు తిరిగి ఏ ముసలమ్మ మంచం దగ్గరికి పోతాయో అనుకున్నాను. అత్త నన్ను చూసి తల వెనక్కి లాక్కోవడం గుర్తొచ్చింది.

"నాకేం కనిపిస్తలేదు" అని చెప్పి లోపలికి పోయి తలుపు పెట్టుకున్నాను.

బయట ఆమె ఏడుపు చాలాసేపు వినిపించింది. తర్వాత టాంగా వెళ్లిపోయింది. ఆమె ఏమైందో నేను అడగలేదు. నేను చూసిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. మళ్లీ ఎవరైనా ఆ చేతులు నా ముందుకు తెచ్చినా, ఆ ముడి నేను విప్పను.