పౌలు ముందు సమాజమందిరానికే ఎందుకు వెళ్లాడు: నోవై దగ్గర ఒక శనివారం

నా సంతోషం ఎలా రాయాలో తెలియడం లేదు, చదివేవాళ్లు క్షమించాలి. నేను చీరాలలో టైలర్ని. చదివింది ఎనిమిదో తరగతి. నలభై ఏళ్లు సండేస్కూల్లో పాఠాలు చెప్పాను. బైబిల్లో పౌలు సువార్త చెప్పడానికి ఏ ఊరు వెళ్లినా ముందు యూదుల సమాజమందిరానికే వెళ్లాడు. అక్కడ తిట్లు తిని, పక్క ఊళ్లో మళ్లీ సమాజమందిరానికే వెళ్లాడు. ఎందుకని పిల్లలు అడిగితే నాకు జవాబు వచ్చేది కాదు. ఇప్పుడు మా అమ్మాయి సుజాతకి పాప పుట్టిందని మిషిగన్‌లోని నోవై వచ్చాను. దగ్గర్లోనే యూదుల సమాజమందిరం ఉందని తెలిసి ఆగలేకపోయాను. సుజాత బాలింత కాబట్టి, ఆమె భర్త కిరణ్ తీసుకెళ్లాడు. కిరణ్ హిందువుల అబ్బాయి. అందుకే వాళ్ల పెళ్లికి నేను వెళ్లలేదు, ఆరేళ్లు వాళ్ల గడప తొక్కలేదు. వచ్చి రెండు వారాలైనా ఆ అబ్బాయిని అల్లుడని పిలవడానికి నోరు రాలేదు. ‘బాబూ’ అంటూ నెట్టుకొస్తున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరాం. కారులో ఇరవై ఐదు నిమిషాలు. ఆ దారిలో బస్సు లేదు, టాక్సీకైతే ముప్ఫై డాలర్ల దాకా అవుతుందన్నాడు కిరణ్. రోడ్డుకి రెండు పక్కలా మంచే. గుమ్మం దగ్గర నేను మన చర్చిలోలాగే బూట్లు విప్పేసి, మంకీ క్యాప్ తీసి చంకలో పెట్టుకున్నాను.

“మామయ్యగారూ, అందరూ బూట్లతోనే వెళ్తున్నారు. వేసుకోండి, కాళ్లు గడ్డకట్టుకుపోతాయి.”

“దేవుడి మందిరం బాబూ!”

లోపల్నుంచి ఒక పెద్దాయన నవ్వుతూ వచ్చి, నా బూట్లు తనే చేత్తో తెచ్చి నా ముందు పెట్టాడు. బుట్టలోంచి గుండ్రటి చిన్న టోపీ తీసి నా బట్టతల మీద పెట్టాడు. ఇక్కడ మగవాళ్లు తల కప్పుకోవాలట. కిరణ్‌కీ ఒకటి ఇచ్చాడు.

ప్రార్థన తొమ్మిదికి మొదలై పన్నెండు దాకా సాగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ధర్మశాస్త్రం రాసిన తోలు చుట్టని బయటికి తెస్తుంటే అందరూ లేచారు, నేనూ లేచాను. దాని వెల్వెట్ తొడుగుని తాము కప్పుకున్న శాలువా అంచుతో తాకి ముద్దుపెట్టుకుంటున్నారు. అంత శ్రద్ధగల కుట్టు నా జన్మలో నేను కుట్టలేదు. పౌలు కూడా పిల్లాడిగా ఈ మాటలు వింటూనే పెరిగాడు కదా అనుకునేసరికి కన్నీళ్లు ఆగలేదు.

తర్వాత హాల్లో భోజనం. రొట్టె, చేప, గుడ్డు, అంతా ఉచితమే. పెద్దాయన్ని నా ప్రశ్న అడిగాను. ఇటూ అటూ మాటలు చెప్పింది కిరణే.

“ఇంకెక్కడికి వెళ్తాడు? ఆయన మావాడే కదా! కొత్త ఊళ్లో దిగినవాడు ముందు తనవాళ్ల దగ్గరికే పోతాడు,” అన్నాడాయన. అప్పట్లో శనివారం, అంటే వాళ్ల విశ్రాంతిదినాన, ధర్మశాస్త్రం, ప్రవక్తల మాటలు చదివాక, దూరం నుంచి వచ్చిన చదువుకున్నవాడుంటే రెండు మాటలు చెప్పమనేవారట. వినేవాళ్లకి గ్రంథం ముందే తెలుసు, దేవుడి వాగ్దానం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. యూదులు కానివాళ్లూ కొందరు వచ్చి కూర్చునేవారట.

“అంటే నాలాంటివాళ్లన్నమాట,” అన్నాడు కిరణ్. అదేమిటో తెలుసుకుని పెద్దాయన పకపకా నవ్వాడు. “పౌలు చెప్పింది మేం ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోం. అయినా అది ఇంట్లోవాళ్ల మధ్య గొడవ.”

ఆ మాట నాకే తగిలింది. సైకిలు మీద ఊరూరా సువార్త చెప్పినవాణ్ణి, సొంత కూతురి ఇంటికి రావడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

అంతలో కొత్తగా వచ్చినవాళ్లు లేచి పరిచయం చేసుకోమన్నారు. నా పేరు, ఊరు చెప్పాను. మీతో వచ్చిందెవరని అడిగారు. కిరణ్ ప్లేటు వైపే చూస్తున్నాడు. “మై సన్-ఇన్-లా,” అన్నాను. అది చాలదనిపించి తెలుగులో మళ్లీ అన్నాను. “నా అల్లుడు.”

ఆ మాటొక్కటి కిరణ్ ఇంగ్లీషులో చెప్పలేకపోయాడు.

పరాయి ఊళ్లో మంచిమాట చెప్పి సైకిలెక్కి వచ్చేయడం తేలిక. మన మొహం, మన తప్పులు తెలిసినవాళ్ల ముందు నోరు తెరవడమే కష్టం. పౌలు ఆ కష్టమైన చోటే మొదలుపెట్టాడు. నేను డెబ్బై ఒకటో ఏట మొదలుపెట్టాను, దేవుడికి స్తోత్రం!

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. వారం ముందే మందిరం ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి, శనివారం వాళ్ల విశ్రాంతిదినం కాబట్టి ఫోను, పెన్ను, పర్సు బయటికి తీయకండి. భోజనం దగ్గర మీ పక్కనున్నది ఎవరని అడుగుతారు. జవాబు దారిలోనే సిద్ధం చేసుకోండి.