తెరచాపలో దాచిన బట్ట

పదమూడేళ్లుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. నేను పడవ పందెంలో మోసం చేసి గెలిచాను. చూడండి, ఒక్క వాక్యం. ఇది చెప్పడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? నా మీద నాకే విసుగొస్తోంది.

కరీంనగర్‌లో మానేరు డ్యామ్ నీళ్ల మీద తెరచాప పడవలు నేర్చుకునేవాళ్లం. గాలి వెనక నుంచి వీచినప్పుడు పడవ ముందు ఒక పెద్ద తెరచాప ఎత్తుతారు. అది పొట్ట ఉబ్బించుకుని పడవను లాక్కుపోతుంది. మేం దాన్ని బెలూన్ అనేవాళ్లం. మా పందెంలో బెలూన్‌ను ఎవరికి నచ్చినట్టు వాళ్లు కుట్టుకోవచ్చు, కొలత మాత్రం దాటకూడదు. నేను సిరిసిల్ల మగ్గాల పాలిస్టర్ బట్ట తెచ్చి, మా అవ్వ జాకెట్లు కుట్టే మిషన్ మీద కుట్టాను.

జాకెట్ కుట్టేవాళ్లు లోపల కాస్త బట్ట వదులుతారు కదా, మనిషి లావైతే కుట్టు విప్పుకోవడానికి? నేనూ వదిలాను. రెండు అంచుల్లోనూ జానెడేసి మడిచి, ఒక్క దారంతో పట్టించాను. పొద్దున కొలిచారు, సరిపోయింది, మూలన ముద్ర వేశారు. పడవ ఎక్కే ముందు దారం లాగేశాను. ఎవరి కంటా పడలేదనుకున్నాను.

సుజాత కంట పడింది. నాకంటే చిన్నది, నాకంటే బాగా నడిపేది. ఆ రోజు రెండోదిగా వచ్చింది. రాష్ట్ర జట్టులో చోటు మొదట వచ్చినవాళ్లకే. ఒడ్డున అందరి ముందూ అడిగేసింది.

“అక్కా, నీ బెలూన్ పొద్దుగాల గింత లేకుండె. నేను జూసిన.”

“ఓడిపోయి ఓర్వలేక అంటున్నవ్. నువ్వు జూసిందే తప్పు.”

పందెం పెద్దాయన ముద్ర చూసి చాలన్నాడు. మళ్లీ కొలిస్తే ఆయన సొమ్మేం పోయేది? ఇదిగో, తప్పు నాదైతే కోపం ఆయన మీద. ఇదీ నా బుద్ధి. పైగా సుజాత చేతే నాకు క్షమాపణ చెప్పించారు. ఆ తర్వాత ఆమె డ్యామ్ వైపు రాలేదు.

ఇప్పుడు మందమర్రిలో ఉంటోంది. భర్తకు బొగ్గు గనిలో పని. పెళ్లిళ్లలో కలుస్తుంటాం. కలిసిన ప్రతిసారీ ఆ రోజు మాటకు మళ్లీ మన్నించమంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆపమనడానికి నోరు రాదు, నిజం చెప్పడానికీ రాదు. మరి ఈ నోరు ఎందుకున్నట్టు?

మొన్న చెన్నూరు పెళ్లిలో వాళ్లాయన నవ్వుతూ చెప్పాడు. ఆమె గ్యాస్ కట్టేసి కూడా అతన్ని ఒకసారి చూడమంటుందట. తాళం తానే వేసి, పడిందా అని అతన్నే అడుగుతుందట. సుజాతా నవ్వింది. ఆ పందెం రోజు నుంచి తన చూపు మీద తనకే నమ్మకం లేదంది.

అప్పుడైనా చెప్పాలి కదా? చెప్పలేదు. బంతిలో కూర్చుని కడుపునిండా తిన్నాను. ఇన్నేళ్లూ ఆమెకు జట్టులో చోటు పోగొట్టానని ఏడుస్తున్నాను. నేను లాక్కున్నది అంతకంటే పెద్దదని ఆ రోజే తెలిసింది.

ఆమెకే చెప్పాలి, తెలుసు. ఆ ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ రోజు సుజాత సరిగ్గానే చూసింది.