అమ్మ తీసిన దిష్టి

ఉదయం ఆరు నలభై. తెలీబంధాలోని మా ఇంటి నుంచి ఆరంగ్ వైద్యశిబిరానికి ముప్పై ఆరు కిలోమీటర్లు. స్వచ్ఛంద సేవకు వచ్చి మా ఇంట్లో బస చేసిన నలుగురు విదేశీ వైద్యవిద్యార్థులు బయలుదేరబోతుండగా, అమ్మ వారికి దిష్టి తీసి ఉప్పు, ఎండుమిరపకాయలు కుంపటిలో వేసింది. పొగ కమ్ముకోగానే ఇల్లు అంటుకుందనుకున్న విద్యార్థులు, మోకాళ్ల నొప్పితో రెండేళ్లుగా మెట్లు దిగని అమ్మను కుర్చీతో సహా ఎత్తి పన్నెండు మెట్లూ దించేశారు. ఎక్కడ పడిపోతుందోనని నేను వెనకే పరిగెత్తాను.

"అమ్మాజీ, బారాత్ హై క్యా?" అని, పెళ్లి ఊరేగింపా అన్నట్టు పక్కింటావిడ హిందీలో అడిగి నవ్వింది.

"ఇంత ఘాటొచ్చిందంటే పిల్లలకి దిష్టే లేదురా! నన్ను కాసేపు ఇక్కడే ఉండనీ," అంది అమ్మ, దగ్గుతూనే వీధంతా ఆశగా చూస్తూ.

ఆ ముఖం మరువలేను. ఆలస్యం ఇరవై నిమిషాలు. ఖర్చు ఏడు మిరపకాయలు, గుప్పెడు ఉప్పు. గాయాలు లేవు.