పదహారులో రెండు

గద్వాలలో మా మగ్గం గుంత ఎంత లోతంటే, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే అరికాళ్లకు కృష్ణా నది చెమ్మ తగిలేది. నమ్మకపోతే మీ ఇష్టం. ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో తప్పిన ఆ వేసవంతా నేను ఆ గుంతలోనే ఉన్నాను. ఈ మాట మాత్రం అక్షరాలా నిజం.

మా చీరకు అంచు పట్టు, నడిమి భాగం నూలు. రెండూ కలిసే చోట వరస వరసకూ పోగును పోగులో చిక్కించాలి. అందుకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒక పక్క నాయన, ఒక పక్క నేను. నేను లేస్తే ఆయన చెయ్యి కూడా ఆగిపోతుంది. పోగులతో పాటు మేమూ చిక్కుకున్నవాళ్లమే.

సప్లిమెంటరీ కూడా తప్పితే ఇక జన్మంతా గుంతే అని నాయన ముందే చెప్పేశాడు. వనపర్తిలో ఒక సారు తప్పినవాళ్లకు పాఠాలు చెబుతున్నాడని తెలిసి, పంపమని అడిగాను.

"మరి చీర ఎవడు నేస్తడ్రా? మీ సారొచ్చి కూసుంటడా?" అన్నాడు.

గుమ్మంలో అష్టాచెమ్మా ఆడుకుంటున్న మా అవ్వ, నాయన తల్లి, తీర్పు చెప్పింది. "మూడుపార్లు గవ్వలెయ్యి. ఒక్కపారన్న నాలుగో ఎనిమిదో పడితె పంపుతం. లేకుంటె నోర్మూస్కొని నెయ్యి."

నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత లెక్క. అన్నీ బోర్లా పడితే ఎనిమిది.

నేను సంభావ్యత పాఠం చదివినవాణ్ని. పడేవి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది. ఐదింటిలో నాకు కావలసినవి రెండు. మూడుసార్లు వేస్తాను కనుక మూడుతో గుణించాను. ఐదింట ఆరు వంతులు! ఖాయం కంటే ఎక్కువ ఖాయం. గవ్వలు ముట్టకముందే సంచి సర్దుకున్నాను.

రెండు పడింది. మళ్లీ రెండు. మూడోసారి మూడు.

"రెండు శానా పడ్తది బిడ్డా. అరవై ఏండ్ల సంది ఏస్తున్న. నీ బుక్కుల రాయలేదా?" అంది అవ్వ, గవ్వలు ఏరుకుంటూ.

గుంతలో కూర్చుని కాళ్లతో మగ్గం చెక్కలు తొక్కుతుంటే తెలిసింది నా తప్పు. ఆ ఐదూ సమానంగా పడేవి కావు. ఒక్కో గవ్వనూ విడిగా చూడాలి. మగ్గం గుంజ మీద సుద్దతో రాశాను. మొత్తం పదహారు తీర్లు. రెండు పడేవి ఆరు. నాలుగుకు ఒకటే, ఎనిమిదికి ఒకటే.

"ఏందిరా గా గీతలు?" అని నాయన గద్దించాడు. చెప్పాను. అడ్డపోగు నడిపే నాడె ఆపి, గుంజ మీది గీతలను వేలితో లెక్కపెట్టాడు.

"నాలుగు పోగులు పట్టి, ఒక్కోటి లేపుడో దించుడో అంటె పదారు తీర్లు. చీరల బుటా పువ్వు ఎత్తేటోడు ఎవడైన చెప్తడు. గిది నేర్వనీకి వనపర్తి దాక పోవాల్నా?" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "సరె, ఈపారి నువ్వే కట్టు పందెం" అన్నాడు.

"నాలుగో ఎనిమిదో పడితె ఉంట. ఇంకేం పడ్డా పోత."

"దొంగ సచ్చినోడా!" అని నవ్వి, అవ్వ గవ్వలు వేసింది. పదహారింట పద్నాలుగు నావే. గవ్వలు ఎంతసేపు తిరిగాయంటే, ఆలోగా ఇంకో జానెడు చీర నేయొచ్చు. ఆగాక చూస్తే నాలుగు తాబేళ్లలా బోర్లా కూర్చున్నాయి. ఎనిమిది.

అవ్వ కూడా నవ్వలేదు. "పదారుల రెండున్నయంటివి గదరా. గవి కూడ ఎప్పుడన్న పడాలె గద" అని నాయన నాడె అందుకున్నాడు. నేను కాళ్లు గుంతలోకి దించాను.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేస్తూనే చదివాను. పరీక్షలో నాలుగు నాణేలు ఎగరేస్తే అన్నీ ఒకేలా పడే సంభావ్యత ఎంతని అడిగారు. పదహారులో రెండు అని రాస్తుంటే, అక్కడ లేని మగ్గం చెక్కలను బల్ల కింద నా కాళ్లు తొక్కుతున్నాయి.

పాసయ్యాను. మార్కుల కాగితం చూసి నాయన, "ఇగ డిగ్రీ అంటవా?" అన్నాడు. అవ్వ కొంగుముడి విప్పి గవ్వలు తీసింది.

అవి నేల తాకేసరికి నేను బస్టాండు దారిలో ఉన్నాను. ఎంత పడిందో ఇప్పటికీ అడగలేదు.