పారిస్ నుంచి వచ్చిన పాత గౌను

ఆసియా బీకి ఒకరు విడిచిన బట్టలంటే పడదు. కువైట్‌లో ఇంటి పనికి వచ్చిన ఆడమనిషి నోట ఈ మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇక్కడ పనివాళ్లలో సగం మంది ఒంటిమీద ఉండేవి మామా, అంటే ఇంటి యజమానురాలు, విడిచినవే. మిగిలినవి కార్గో పెట్టెల్లో ఊరికి పోయి, చెల్లెళ్లకూ వదినలకూ ఫారిన్ బట్టలవుతాయి. ఆసియా బీ మాత్రం సబా అల్ సలేంలో ఒకే ఇంట్లో తల నెరిసేదాకా చాకిరీ చేసి కూడా ఆ ఇంటి పాత గుడ్డ ఒక్కటి తొడుక్కోలేదు. మామా ఇచ్చినవన్నీ మారుమాట లేకుండా తీసుకొని, పక్కింట్లో పనిచేసే రమణి చేతిలో పెట్టేసేది. రమణిది లక్కిరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె. ఆమెకు ఇలాంటి పట్టింపులు లేవు. ఉన్నా ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు కాబట్టి వాటిని పక్కన పెట్టేసింది.

ఆసియా బీ పట్టింపుకు కారణం రాయచోటిలో ఉంది. ఆమె తల్లి నఫీసా అక్కడ మయ్యత్తులకు స్నానం చేయించేది. ఏ ముస్లిం ఇంట్లో ఆడమనిషి కన్నుమూసినా మొదటి కబురు ఆమెకే. స్నానం చేయించినందుకు పోయినామె బట్టలు ఆమెకు ఇచ్చేవారు. నఫీసా వాటినే కత్తిరించి, కుట్టి, కూతురికి తొడిగేది. తొడిగేముందు మూడుసార్లు నీళ్లలో ముంచేది. ముంచిన ప్రతిసారీ కలిమా చదివేది. నీడన ఆరేసి లోబాన్ పొగ పట్టేది. అలా చేస్తేనే పోయినవాళ్లు తమ బట్టను వదిలిపోతారని ఆమె నమ్మకం. ఇది ఏ కితాబులో ఉందమ్మా అని మసీదు హజ్రత్ అడిగితే, మా అమ్మ చేసేది, నేను చేస్తాండా అని చెప్పి ఊరుకుంది. ఒకరోజు బళ్లో ఒక పిల్ల ఆసియా కుర్తా అంచు పట్టుకొని ఇది మా నానీది అని, పోయిన అమ్మమ్మను తలుచుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆసియా మళ్లీ బడి ముఖం చూడలేదు.

కువైట్‌లో ఆమె చేతికి వచ్చిన మొదటి పని లుల్వా. మామాకు రెండో కాన్పు, పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. మామాకు పాలూ లేవు, తీరికా లేదు. ఆ పిల్లకు సీసా పాలు తాగించింది, నలుగు పెట్టింది, రాత్రుళ్లు గుండెమీద పడుకోబెట్టుకుంది ఆసియా బీ. లుల్వాకు మాటలొచ్చాక తల్లిని మామా అనీ, ఈమెను యుమ్మా అనీ పిలిచింది. కువైటీలు కన్నతల్లినే యుమ్మా అంటారు. మామా రెండు మూడు సార్లు సరిదిద్దబోయి, పిల్ల ఏడుపు భరించలేక వదిలేసింది. సరిదిద్దాలన్నా పిల్లను ఎత్తుకోవాలి కదా, అది ఆమెకు మరీ కష్టం.

లుల్వాకు పెళ్లయింది. రెండు వీధుల అవతల కాపురం. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ఆసుపత్రిలో పక్కన కూర్చుని కాళ్లు ఒత్తింది ఆసియా బీయే. మూడోసారి ఐదో నెల దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మామా చల్లగా ఒక మాట చెప్పింది. ఆసియా, నీ మోకాళ్లు పోయాయి, ఈ ఇఖామా అయిపోగానే ఊరికి వెళ్లు, కొత్త పిల్ల కోసం పనివాళ్ల ఆఫీసులో చెప్పాను అంది. ఇఖామా అంటే కువైట్‌లో ఉండి పనిచేసేందుకు అనుమతి, అది యజమాని పేరు మీదే ఉంటుంది. ఊరికి వెళ్లమనడం తేలిక. తలాకిచ్చిన మొగుడు ఎప్పుడో చనిపోయాడు, నఫీసా కూడా పోయింది, ఇల్లు ఇంకెవరిదో అయింది. ఆసియా బీకి రాయచోటి పాస్‌పోర్టులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ సంగతి విని లుల్వా ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. నా బిడ్డ పుట్టేలోపు నీ ఇఖామా నా పేరుకు మార్పించుకుంటాను, నన్ను పెంచిన చేతులే నా బిడ్డనూ పెంచుతాయి అని మాటిచ్చింది. ఆసియా బీ ఆ మాట పట్టుకొని బతికింది. దుకాణాల్లో పసిపిల్లల టోపీలు కనిపిస్తే ఆగి చూసేది. మోకాళ్లకు రోజూ నూనె రాసుకునేది. ఇంకో పదేళ్లు పనిచేస్తాయని వాటికి నచ్చజెప్పుకునేది.

ఆ రోజుల్లోనే పారిస్ ప్రయాణం వచ్చింది. లుల్వా చెల్లెలి నిశ్చితార్థం దగ్గరపడింది. కువైట్‌లో ఎంత ఖరీదైన గౌను కొన్నా అలాంటిదే ఇంకొకతె వేసుకుని ఎదురుపడుతుందని ఆ ఇంటి ఆడపిల్లలకు పెద్ద బెంగ. పాత గౌనైతే ఆ బెంగ లేదట. లోకంలో అది ఒక్కటే ఉంటుంది. దాన్ని వింటేజ్ అంటారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. లుల్వా ఇద్దరు స్నేహితురాళ్లతో నాలుగు రోజుల షికారుకు బయలుదేరింది. కడుపుతో ఉన్న మనిషి కాబట్టి ఆసియా బీని వెంట తీసుకెళ్లమని భర్త పట్టుబట్టాడు.

పారిస్‌లో ఆసియా బీ చూసింది పాత బట్టల అంగళ్లే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, మెట్లెక్కి, మెట్లు దిగి, చేతుల్లో సంచులతో వాళ్ల వెనక తిరిగింది. నాఫ్తలీన్ ఉండల వాసన, ఎవరి కాళ్లకో సాగిన చెప్పుల వరసలు, మెడ దగ్గర మాసిన కోట్లు. రాయచోటిలో ఇలాంటివి వేస్తే స్టీలు సామాన్లవాడు ఒక టీ గ్లాసు ఇస్తాడు, అదీ బేరమాడితే. కువైట్‌లోనూ శుక్రవారం సంతలో పాత బట్టల గుట్టలున్నాయి. అక్కడ కొనేది మనవాళ్లు, బెంగాలీలు. లుల్వా ఆ వైపు కారు కూడా తిప్పదు. ఇక్కడ మాత్రం అవే గుట్టల్లో సంబరంగా చేతులు పెట్టి వెతుకుతోంది.

చివరి రోజు దొరికింది. వంకాయ రంగు పట్టు గౌను, నడుము దగ్గర సన్నటి కుచ్చులు. లుల్వా వేసుకొని అద్దం ముందు నిలబడితే ఆసియా బీకి కూడా చూపు తిప్పుకోవాలనిపించలేదు. అయినా ఉండబట్టలేక, ఇది ఎవరిదో కనుక్కోమంది. అంగడామె చెప్పినదాన్ని లుల్వా నవ్వుతూ అరబ్బీలోకి మార్చింది. ఒక ముసలామె పోయిందట, మనవళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె బట్టలన్నీ అమ్మేశారట, ఆమె వయసులో ఉన్నప్పుడు కుట్టించుకున్న గౌనట. ఆ మాట వినగానే ఆసియా బీ మళ్లీ అద్దం వైపు చూసింది. కడుపులో బిడ్డతో ఉన్న పిల్ల, రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల, పోయినామె బట్టలో నిలబడి అద్దంలో నవ్వుతోంది.

విమానంలో బతిమాలింది. ఇది వేసుకోవద్దు తల్లీ, కాన్పయ్యాక వేసుకో అంది. లుల్వా ఆమె చెంప తట్టి, యుమ్మా, భయాలన్నీ మీ ఊళ్లోనే వదిలిపెట్టి రావాల్సింది అంది. ఇంటికి వచ్చాక గౌను పుట్టింట్లో తన పాత గదిలో వేలాడదీసి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, కడిగే బట్ట కాదు అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

ఆసియా బీకి నిద్ర కరువైంది. చెత్త డబ్బా దగ్గర రమణి కలిస్తే ఉన్నదంతా చెప్పింది. రమణి అంతా విని, సంచి కింద పెట్టింది.

"ఆ పాపను అడిగి చెయ్యక్కా. చెప్పకుండా చేస్తే ఎంత మంచి చేసినా తప్పయితాది."

"అడిగితే వద్దంటాది రమణీ."

"వద్దంటే వదిలెయ్. నీ ఇఖామా సంగతి చూసుకో ముందు."

రమణి మాటలో లోకజ్ఞానం ఉంది. అది ఆసియా బీకి తెలియకపోలేదు. కానీ తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇఖామా కోసం నోరు మూసుకుంటే, రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఆ ఇఖామా ఏం చేసుకోవాలి అనుకుంది. పైగా తన చేతిమీద ఆమెకు ధైర్యం. నఫీసా ధర్మవరం పట్టుచీరలను కూడా ఇలాగే మూడు నీళ్లలో ముంచేది. ఒక్కటీ చెడలేదు. పట్టు ఎక్కడైనా పట్టే కదా.

నిశ్చితార్థం ఇంకా వారం ఉందనగా, ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లిన పూట చూసుకుంది. ఎండాకాలం, మిద్దెమీది ట్యాంకు కాగి కుళాయిలో సలసలా నీళ్లు వస్తాయి. అందుకని ముందురోజే టబ్బు నింపి ఏసీ గదిలో చల్లబరిచింది. అంచు మూల ఒక్కటి తడిపి చూసింది, రంగు దిగలేదు. బిస్మిల్లా అని గౌను నీళ్లలోకి దించింది. పిండలేదు, రుద్దలేదు, పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు రెండు అరచేతులమీద ఆనించి ముంచింది. కలిమా చదివి పైకెత్తింది. చెక్కుచెదరలేదు.

రెండోసారి ఎత్తుతుంటే నడుము దగ్గర కుచ్చులు విడిపోయాయి. చేత్తో ఆపబోయింది. ఆపిన చోటల్లా చీలింది. ఎన్నేళ్ల పట్టో, పైకి నిగనిగలాడుతూ లోపల ఎప్పుడో చివికిపోయింది. తడి తగలగానే అప్పడంలా విడిపోయింది. నఫీసా ముంచిన చీరలు నిన్నమొన్నటి దాకా మనిషి కట్టినవి. ఈ తేడా ఆసియా బీకి అప్పుడు అర్థమైంది, అర్థమై లాభం లేనప్పుడు. టబ్బు పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ఆమె చేసిన పని చూస్తే తిట్టాలో దండం పెట్టాలో నాకైతే తెలియదు. ఆ పేలికలను కూడదీసుకొని మూడోసారీ ముంచింది. గౌను ఎలాగూ పోయింది, రెండింటితో ఆపేస్తే లుల్వాకు కీడు మిగిలిపోతుందని ఆమె భయం. కలిమా చివరిదాకా చదివింది.

లుల్వా సాయంత్రం చెప్పుల జత తీసుకొని వచ్చింది, గౌను మీదికి నప్పుతాయో లేదో చూసుకుందామని. నీడన తువ్వాలు మీద పరిచిన ముక్కలు చూసింది. అరవలేదు. అరిచి ఉంటే ఆసియా బీకి బాగుండేది, చిన్నప్పటి నుంచి ఆ కోపం వచ్చి పోవడం ఆమెకు అలవాటే. లుల్వా మంచం అంచున కూర్చొని, ఎందుకు చేశావు అని మాత్రం అడిగింది. ఆసియా బీ దాచలేదు. ముసలామె సంగతి, నఫీసా సంగతి, పోయిన రెండు కడుపుల సంగతి, అన్నీ చెప్పింది. లుల్వా కడుపుమీద చెయ్యి వేసుకుంది.

"గౌను పోతే పోయింది యుమ్మా. నా మంచికే చేశావని తెలుసు. నా భయం కూడా అదే. ముట్టుకోవద్దని చెప్పాను, నువ్వు నా మంచికని ముట్టుకున్నావు. రేపు నా బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు చెప్పింది చేస్తావా, మీ అమ్మ చెప్పింది చేస్తావా?"

డాక్టరు చెప్పిందే అని ఆ నిమిషంలో అనేసి ఉంటే, ఈ కథ ఇంకోలా ఉండేదేమో. అబద్ధమైనా సరే అనాల్సింది. ఆసియా బీ నోరు తెరిచింది. లుల్వాకు మూడేళ్లప్పుడు వచ్చిన జ్వరం గుర్తొచ్చింది, మందుతో పాటు తను ఊది తాగించిన నీళ్లు గుర్తొచ్చాయి. ఏది తగ్గించిందో ఆమె ఈనాటికీ చెప్పలేదు. చెప్పలేకనే ఆగింది. ఆ ఆగడమే లుల్వాకు జవాబైంది.

"ఖలాస్ యుమ్మా" అని లేచి వెళ్లింది. తలుపు కూడా మెల్లగానే వేసింది.

ఇఖామా మార్పు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆసియా బీ ఎదురుచూసింది. రెండు మూడు సార్లు మామా దగ్గర కదిపి చూసింది. అది లుల్వా ఇష్టం అని మామా ఫోన్‌లోకి తల దించుకుంది. నిశ్చితార్థానికి లుల్వా ఏదో కొత్త గౌను వేసుకుంది. ఆ రోజు ఆసియా బీ వంటింట్లోంచి ట్రేలు అందిస్తూ ఆమెను దూరం నుంచి చూసింది, నడుము బరువుగా ఉంది, ముఖం కళగా ఉంది. కడుపు నిలిచింది. మూడు నీళ్ల వల్లే నిలిచిందని ఆసియా బీ లోలోపల అనుకుంది, పైకి ఎవరితో చెప్పుకోగలదు. ఆమె పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే అని రమణి నలుగురిలో అంది. అది కూడా నిజమే.

కొత్త పిల్ల వచ్చింది, ఏ దేశమో ఆసియా బీకి నోరు తిరగలేదు. ఆ పిల్లకు ఇల్లు నేర్పమన్నారు. పసిబిడ్డకు స్నానం ఎలా చేయించాలో కూడా నేర్పమని లుల్వా చెప్పి పంపింది, చెవుల్లోకి నీళ్లు పోకుండా తలను ఎలా పట్టుకోవాలో ఆసియాకు బాగా తెలుసు అని. ఆసియా బీ దిండును ముంజేతిమీద పడుకోబెట్టుకొని అంతా చూపించింది. పిల్ల చురుకైనది, ఒక్కసారికే పట్టేసింది. అందుకు కూడా ఆమెకు ఏడుపొచ్చింది.

వెళ్లే రోజు లుల్వా వచ్చింది. రాదేమో అనుకుంది ఆసియా బీ. డ్రైవరు పెట్టె కారులో పెడుతున్నాడు. ఆసియా బీ చేతులు చీర కొంగుకు తుడుచుకొని దగ్గరికి వెళ్లింది. ఒక్కసారి కడుపులో బిడ్డమీద చెయ్యి పెట్టి దువా చేసి పోతానని అడిగింది. లుల్వా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకొని ఒక అడుగు వెనక్కి వేసింది. వెయ్యాలని వేసింది కాదు, దానంతటదే పడింది.

"దువా దూరం నుంచి చేసినా చేరుతుంది యుమ్మా."

"చేరుతుంది తల్లీ" అంది ఆసియా బీ. ఆ మాట లుల్వాకు చిన్నప్పుడు నేర్పింది ఆమే.